బంతిలో వలపక్షం వద్దన్న మనిషి: బిషప్ అజరయ్య గారి జీవిత చరిత్ర

 

ఈ నెల మన గోడ పత్రికలో గొప్పవారి జీవిత చరిత్ర రాసే వంతు నాకు వచ్చింది. ఎవరి గురించి రాయాలా అని చాలా ఆలోచించాను. గాంధీ గారి గురించి, అల్లూరి సీతారామరాజు గురించి, కొమురం భీం గురించి ఇంతకుముందే అన్నలు రాసేశారు. నేను మాత్రం మనకు దగ్గర్లోనే బ్రతికి, మనకు దగ్గర్లోనే చనిపోయిన ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఆయన మన జాతి వాడు కాదు. తెలుగువాడు కూడా కాదు. అయినా డోర్నకల్ మీదుగా రైల్లో వెళ్ళిన వాళ్ళు ఆయన కట్టించిన గుడి గురించి వినే ఉంటారు.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, దానికొక కారణం ఉంది. మీ అందరికీ తెలిసిందే. సంక్రాంతి సెలవులకు ముందు కబడ్డీ పోటీలో జరిగిన గొడవ తర్వాత మన భోజనాల హాలులో రెండు బంతులు అయ్యాయి. గూడేల వాళ్ళు కిటికీ వైపు, తండాల వాళ్ళు తలుపు వైపు కూర్చుంటున్నాం. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు. మనకు మనమే కూర్చున్నాం. ఆ రోజు గొడవలో నోరు జారిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈ కథ మీకోసమే కాదు, నాకోసం కూడా రాసుకుంటున్నాను.

పుట్టుక, బాల్యం

అజరయ్య గారి పూర్తి పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తమిళ దేశంలో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే చిన్న పల్లెటూర్లో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు తూత్తుకుడి జిల్లాలో ఉంది. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ పల్లెలో పాస్టరు. తల్లి పేరు ఎలెన్. వాళ్ళది నాడార్ కులం. ఆ కాలంలో ఆ కులంలో చాలామందికి తాటిచెట్లు ఎక్కి కల్లు, తాటిబెల్లం తీయడమే బ్రతుకుతెరువు. పెద్దకులాల వాళ్ళు వాళ్ళను దూరంగా ఉంచేవారు. గుళ్ళలోకి రానిచ్చేవారు కాదు. అంటే అవమానం అంటే ఏమిటో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదన్నమాట. ఆయన పుట్టిన వీధిలోనే అది ఉంది.

చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. తల్లి చాలా కట్టుదిట్టంగా పెంచింది. పైచదువుల కోసం మెంజ్ఞానపురం అనే ఊళ్ళో ఉన్న మిషన్ బడిలో వేశారు. అక్కడ మనలాగే హాస్టల్లో ఉండి చదువుకున్నారు. తర్వాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. కానీ చివరి పరీక్షల సమయానికి జబ్బు పడ్డారు. డిగ్రీ చేతికి రాలేదు. పరీక్ష పోయిందని దిగులుపడే అన్నలు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. అదే మనిషికి 1920లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఊరూరా తిరిగిన యువకుడు

కాలేజీ వదిలిన తర్వాత అజరయ్య గారు వై.ఎం.సి.ఎ. అనే యువకుల సంఘంలో పనికి చేరారు. 1895 నుంచి 1909 దాకా ఆ పనిమీద దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారితో పెళ్ళయింది. ఆమె బాగా చదువుకున్నావిడ. ఆయన చేసిన ప్రతి పనిలోనూ ఆమె చెయ్యి ఉంది.

1902లో సిలోనులోని జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులను వేరే ఊళ్ళకు పంపి పనిచేయించడం చూశారు. అది చూసి ఆయనకు సిగ్గు వేసింది. మనం ఎంతకాలం దొరల డబ్బు మీద, దొరల పెత్తనం మీద బ్రతుకుతాం అనుకున్నారు. తిరిగొచ్చాక 1903 ఫిబ్రవరి 12న పాళయంకోట్టైలో తిరునెల్వేలి వాళ్ళ సొంత మిషనరీ సంఘం మొదలుపెట్టించారు. 1905 డిసెంబరు 25న బెంగాలులోని శ్రీరాంపూరులో దేశమంతటికీ కలిపి నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. దానికి కూడా ఆయన ముఖ్యులు. పైసా పైసా మన దేశస్థులే ఇవ్వాలి, పని కూడా మన దేశస్థులే చేయాలి అనేది ఆ రెండు సంఘాల పద్ధతి.

ఆ తిరునెల్వేలి సంఘం పని చేయడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. ఇప్పుడది తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అప్పట్లో అదొక చిన్న ఊరు. కాజీపేట నుంచి బెజవాడ వెళ్ళే రైలుమార్గంలో బొగ్గు గనుల వైపు దారి చీలే చోటు. చుట్టూ అడవి.

గుడారంలో కాపురం

ఇక్కడొక సంగతి చూడండి. పక్కవాళ్ళను పొమ్మని చెప్పడం తేలిక. తాను పోవడం కష్టం. ఇతరులను మిషనరీలుగా వెళ్ళమని చెబుతూ, తాను మాత్రం మద్రాసులో ఆఫీసులో కూర్చోవడం ఏమిటని అజరయ్య గారిని లోపలి నుంచి ఏదో పొడిచింది. 1909లో పాస్టరుగా అభిషేకం పొంది, ఉద్యోగం మానేసి, 35 ఏళ్ళ వయసులో డోర్నకల్ వచ్చేశారు. మొదట్లో గుడారంలో ఉన్నారు. తెలుగు రాదు. అక్షరాలు దిద్దుకుని, పల్లె జనంతో మాట్లాడి నేర్చుకున్నారు. మన తండా పిల్లలు, గూడెం పిల్లలు ఒకటో తరగతిలో తెలుగు రాక ఎంత అవస్థ పడ్డామో గుర్తుందా? ఆయన ఆ అవస్థ 35 ఏళ్ళకు పడ్డారు.

ఎడిన్‌బరోలో చెప్పిన మాట

1910 జూన్ నెలలో స్కాట్లండు దేశంలోని ఎడిన్‌బరో పట్టణంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులు వచ్చారు. దాదాపు అందరూ తెల్లవాళ్ళే. ఆసియా దేశాల చర్చిల తరఫున వచ్చిన వాళ్ళు ఇరవై మంది కూడా లేరు. వాళ్ళలో అజరయ్య గారొకరు. దొరలకూ, మన దేశపు పనివాళ్ళకూ మధ్య సహకారం ఎలా ఉండాలి అనే విషయం మీద మాట్లాడమని ఆయనకు అవకాశం ఇచ్చారు.

అలాంటి చోట ఎవరైనా ఏం చేస్తారు? నాలుగు పొగడ్తలు చెప్పి దిగిపోతారు. లేకపోతే బయటకొచ్చాక చాటున తిట్టుకుంటారు. అజరయ్య గారు రెండూ చేయలేదు. దొరలు మన దేశానికి చేసిన మేలుకు ముందు కృతజ్ఞత చెప్పారు. ఆ తర్వాత ఉన్న మాట ఉన్నట్టు చెప్పారు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా చాలా చోట్ల దొరలు భారతీయ పాస్టరుతో చెయ్యి కలపరనీ, ఇంటికి భోజనానికి పిలవరనీ, వాళ్ళ ఇళ్ళకు రారనీ, యజమాని పనివాణ్ణి చూసినట్టు చూస్తారనీ చెప్పారు. మీ త్యాగాలు, దానాలు మాకు సరిపోవు, మాకు కావలసింది స్నేహం అనేది ఆయన చెప్పిన మాటల సారాంశం.

సభలో కలకలం రేగింది. కొందరికి కోపం వచ్చింది. తమ అన్నం తిని తమనే అంటాడా అన్నట్టు చూశారు. కొందరికి మాత్రం మనసులో గుచ్చుకుంది. ఇవాళ ఆ మహాసభ గురించి రాసిన వాళ్ళు ఆయన ప్రసంగాన్ని తలచుకోకుండా ఉండరు.

ఇందులో నాకు నచ్చిందేమిటంటే, బాధను దాచుకోలేదు. వెనకాల గొణగలేదు. ఎవరి వల్ల బాధ కలిగిందో వాళ్ళ ముందే చెప్పారు. చెప్పేసి, వాళ్ళతో తెగతెంపులు చేసుకుని వెళ్ళిపోలేదు. తిరిగొచ్చి అదే దొరలతో కలిసి పని చేశారు.

మొదటి భారతీయ బిషప్

అప్పటికి ఆంగ్లికన్ చర్చిలో, అంటే ఇంగ్లండు దేశపు పద్ధతి చర్చిలో, మన దేశస్థుడు ఒక్కడు కూడా బిషప్ కాలేదు. మద్రాసు బిషప్‌గా ఉన్న హెన్రీ వైట్‌హెడ్ దొరగారు ఆ లోటు తీర్చాలని పట్టుబట్టారు. అజరయ్య గారి పేరు ముందుకు తెచ్చారు. దానికి అడ్డుపడ్డ వాళ్ళు చాలామంది. ఒక భారతీయుడి కింద మేం పనిచేయాలా అని కొందరు దొరలు అన్నారు. అంతకన్నా బాధ ఏమిటంటే, ఆయన కులం చూసి వద్దన్న మన దేశపు క్రైస్తవులు కూడా ఉన్నారు. పుట్టిన తిరునెల్వేలిలోనే ఆయనకు వ్యతిరేకత ఎదురైంది.

అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. మొదట్లో ఆ అధ్యక్ష మండలం చాలా చిన్నది. 1920 తర్వాత కృష్ణా, గోదావరి, కర్నూలు వైపు తెలుగు ప్రాంతాలు కూడా కలిశాయి. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో మన కోయ వాళ్ళ మధ్య 1860ల నుంచి నడుస్తున్న మిషన్ కూడా ఆయన కిందికే వచ్చింది. ఇంగ్లండు నుంచి వచ్చిన దొరలు, దొరసానులు ఒక నల్ల మనిషి చెప్పినట్టు పనిచేయవలసి వచ్చింది.

ఇప్పుడు చెప్పండి. బదులు తీర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి అదను దొరుకుతుందా? మమ్మల్ని వరండాలో నిలబెట్టారు కదా, ఇప్పుడు మీరు నిలబడండి అనొచ్చు. ఆయన అలా చేయలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఎడిన్‌బరోలో తాను ఏ స్నేహం అడిగారో, అధికారం చేతికి వచ్చాక ఆ స్నేహాన్నే తాను ఇచ్చారు. క్షమించడం అంటే నోటితో అనే మాట కాదు, చేతికి అధికారం వచ్చినప్పుడు తెలిసే సంగతి అని నాకు అర్థమైంది.

పల్లెల్లో ఒకే బంతి

అజరయ్య గారు బిషప్ అయినా బంగళాలో కూర్చోలేదు. ఎడ్లబండి మీద, సైకిలు మీద, కాలినడకన పల్లెలు తిరిగేవారు. అన్బు మరియమ్మాళ్ గారు కూడా వెంట వెళ్ళి ఆడవాళ్ళకు చదువు, శుభ్రం నేర్పేవారు. మురికి, జబ్బు, అప్పు, సారా ఈ నాలుగూ పల్లెకు పట్టిన దయ్యాలని ఆయన చెప్పేవారు. బడులు పెట్టారు. పాస్టర్లకు, టీచర్లకు శిక్షణ ఇచ్చే పాఠశాల పెట్టారు. చేతిపనులు నేర్పించారు. సంఘం ఖర్చుకు దొరల మీద ఆధారపడకుండా, వంట చేసే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టమని ఆడవాళ్ళకు నేర్పారు. డబ్బు లేనివాళ్ళు ధాన్యం, కోళ్ళు తెచ్చి ఇచ్చేవారు. ఇంగ్లీషు పాటల బదులు మన తెలుగు భజనలు, మన తాళాలు, మన పండుగ పద్ధతులు గుడిలోకి తెచ్చారు. 1912లో 57 వేల లోపు ఉన్న జనం 1941 నాటికి రెండు లక్షలు దాటారు.

అయితే అక్కడ పెద్ద చిక్కొకటి ఉంది. గుడిలో చేరిన వాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కులాల వాళ్ళు. ఊరు మొత్తం ఆ రెండు వాడలనూ దూరం పెట్టింది. దెబ్బ ఇద్దరిదీ ఒకటే. అయినా ఆ రెండు వాడలూ ఒకదాన్నొకటి దూరం పెట్టుకున్నాయి. ఒకరి బావిలో నీళ్ళు మరొకరు తోడరు. ఒకరింట్లో మరొకరు తినరు. ఒక వాడ ముందుగా గుడిలో చేరితే, రెండో వాడ వచ్చి చేరతామంటే మొదటి వాళ్ళకు నచ్చదు. పెద్దవాళ్ళ చేత తన్నులు తిన్నవాడు తనకన్నా చిన్నవాడు దొరికితే తంతాడు. మన హాస్టల్లో కూడా ఇదే కదా జరుగుతోంది!

అజరయ్య గారు ఈ విషయంలో రాజీ పడలేదు. బాప్తిస్మం పొందినవాడికి గుడి లోపల కులం లేదన్నారు. ఒకే చాప మీద కూర్చోవాలి, ఒకే గిన్నెలోంచి ప్రభు రాత్రి భోజనం తీసుకోవాలి, పండుగలప్పుడు కలిసి తినాలి అని నేర్పారు. దొరలు తమ బల్ల దగ్గరకు రానివ్వలేదని ఎడిన్‌బరోలో చెప్పిన మనిషి, తన జనం ఒకరినొకరు తమ బల్ల దగ్గరకు రానివ్వకపోతే ఊరుకోలేదు. న్యాయం అడగడానికి ఒక కొలత, ఇవ్వడానికి ఇంకో కొలత పెట్టుకోలేదు. మన పెద్దలు బంతిలో వలపక్షం అంటారు చూడండి, అంటే వడ్డించేటప్పుడు కావలసినవాడికి ఎక్కువ, కానివాడికి తక్కువ వేయడం. అది పనికిరాదన్నారు.

కులం గొడవ ఆయనతో పూర్తిగా పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పోలేదు. కానీ కలిసి కూర్చున్న సంఘాలు చాలా తయారయ్యాయి. వాళ్ళలో వచ్చిన మార్పు చూసి తర్వాతి రోజుల్లో వేరే కులాల వాళ్ళు కూడా కొందరు వచ్చి చేరారు.

రాళ్ళతో చెప్పిన పాఠం

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ కట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. ఆ గుడి ఇంగ్లండు గుళ్ళలా ఉండదు. గుమ్మటాలు, మినార్లు మసీదును గుర్తుచేస్తాయి. లోపలి చెక్కుడు స్తంభాలు మన దేవాలయాల మండపాన్ని గుర్తుచేస్తాయి. వాటితోపాటు శిలువ. ఈ దేశంలో క్రైస్తవుడు పరాయివాడు కాదు, పక్కవాళ్ళందరి అందమూ తన గుడిలో ఉంచుకోవచ్చు అని ఆ రాళ్ళతో చెప్పించారు.

రాజకీయాల్లో కూడా ఆయన పద్ధతి అదే. 1932లో బ్రిటిషు ప్రభుత్వం మతాల వారీగా వేరు వేరు ఓటర్ల జాబితాలు ప్రకటించినప్పుడు, క్రైస్తవులకు విడిగా సీట్లు వస్తాయి కదా అని ఆయన సంతోషించలేదు. ఇలా గిరి గీసుకుంటే మిగిలిన దేశం నుంచి విడిపోతామని వ్యతిరేకించారు. అందరితోనూ ఆయనకు ఏకాభిప్రాయం కుదిరిందని కాదు. మతమార్పిడి విషయంలో గాంధీ గారికీ ఆయనకూ గట్టి అభిప్రాయభేదం ఉండేది. అది చివరిదాకా అలాగే ఉంది. తన కింది పాస్టర్ల మీద చాలా కఠినంగా ఉండేవారని కూడా పేరుంది. గొప్పవాళ్ళు కూడా మనుషులే కదా.

చర్చిలు ఒకటి కావాలి

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద పని సంగతి. ఆ రోజుల్లో మన తెలుగు దేశంలో క్రైస్తవులు ఒక్క చర్చి కాదు. నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులు. గుంటూరు, రాజమండ్రి వైపు లూథరన్లు. మెదకులో మెథడిస్టులు. కడప వైపు లండన్ మిషన్. బందరు, ఖమ్మం, నంద్యాల వైపు ఆంగ్లికన్లు. ఏ దేశపు దొర ఏ జిల్లాకు వస్తే ఆ జిల్లా వాళ్ళు ఆ పేరు పెట్టుకున్నారు. ఎప్పుడో వందల ఏళ్ళ క్రితం ఐరోపాలో ఆ దొరల తాత ముత్తాతలు దెబ్బలాడుకుని విడిపోయారు. ఆ దెబ్బలాట సంగతి మన పల్లె రైతుకూలీకి తెలియదు. తెలియకపోయినా ఆ గోడలు మాత్రం అతని నెత్తిన పడ్డాయి. కూలికో, పెళ్ళయ్యో ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు వెళితే అక్కడి చర్చిలో ప్రభు రాత్రి భోజనానికి అతను పరాయివాడే కావచ్చు. మళ్ళీ అదే, బల్ల దగ్గర వలపక్షం.

1919 మే 1, 2 తేదీల్లో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో 33 మంది సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ మన దేశస్థులే. అజరయ్య గారు అధ్యక్షత వహించారు. మనం పెట్టుకోని తగాదాను మనమెందుకు మోయాలి, అందరం ఒకటవుదాం అని అక్కడ నిర్ణయించారు. ఆంగ్లికన్లు ఒక పక్క. ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు కలిసి 1908లో ఏర్పరచుకున్న దక్షిణ ఇండియా ఐక్య సంఘం మరొక పక్క. 1920లో చర్చలు మొదలయ్యాయి. 1925లో మెథడిస్టులు కూడా వచ్చి కలిశారు.

నిర్ణయం రెండు రోజుల్లో అయింది. పని పూర్తి కావడానికి 28 ఏళ్ళు పట్టింది. ఎందుకంటే ముడి గట్టిది. ఆంగ్లికన్ పద్ధతిలో బిషప్ చెయ్యి పెట్టి అభిషేకించినవాడే పాస్టరు. మిగతా చర్చిల్లో బిషప్పులే లేరు. వాళ్ళ పాస్టర్లు మళ్ళీ అభిషేకం చేయించుకోవాలా? చేయించుకుంటే ఇన్నాళ్ళూ తాము చేసిన సేవ ఉత్తిదేనని ఒప్పుకున్నట్టు అవుతుంది. అది వాళ్ళకు అవమానం. చేయించుకోకపోతే ఆంగ్లికన్లకు మనసొప్పదు. కమిటీ తర్వాత కమిటీ కూర్చుంది. 1929లో ఒక పథకం అచ్చు వేశారు. దాన్ని మళ్ళీ మళ్ళీ దిద్దారు. ఇంగ్లండులో కొందరు పెద్దలు గట్టిగా వ్యతిరేకించారు. అజరయ్య గారు 1927లో స్విట్జర్లండులోని లోజాన్ సభకు, 1937లో ఎడిన్‌బరో సభకు వెళ్ళి, చీలికలు మీకు చరిత్ర కావచ్చు, మా పల్లెల్లో అవి పాపం అన్న అర్థం వచ్చేలా వాదించారు.

చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, ఏ చర్చి పాస్టరునైనా ఉన్నవాణ్ణి ఉన్నట్టే పాస్టరుగా అందరూ ఒప్పుకోవాలి. ఎవరికీ మళ్ళీ అభిషేకం అక్కర్లేదు. ఇక ముందు వచ్చే కొత్తవాళ్ళను మాత్రం బిషప్పులు అభిషేకిస్తారు. అలా 30 ఏళ్ళు గడిచేసరికి అందరూ ఒకటిగా కలిసిపోతారు. చూడండి, ఎవరూ పూర్తిగా గెలవలేదు. ఎవరినీ ఓడించలేదు. వీళ్ళు ఒక మెట్టు దిగారు, వాళ్ళు ఒక మెట్టు దిగారు. రాజీ అంటే అదే. కబడ్డీలో అలా ఉండదు, ఒకరు గెలిస్తే ఒకరు ఓడాలి. ఇంట్లో మాత్రం అలా ఆడకూడదు.

చూడకుండానే వెళ్ళిపోయారు

1945 జనవరి 1న, కొత్త సంవత్సరం రోజున, డోర్నకల్‌లో అజరయ్య గారు మరణించారు. ఆయన వయసు 70 ఏళ్ళు. 32 ఏళ్ళు బిషప్‌గా పనిచేశారు. ఆయన పోయిన అదే జనవరి నెలలో మద్రాసులో ఆంగ్లికన్ చర్చి మహాసభ జరిగి, ఐక్యతకు ఒప్పుకుంటూ ఓటు వేసింది. కొన్ని రోజుల తేడాతో ఆయన ఆ మాట వినలేకపోయారు. ఇది రాస్తుంటే నాకు చాలా బాధ వేసింది.

1947 సెప్టెంబరు 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దాన్నే మనం సి.ఎస్.ఐ. అంటాం. బిషప్పులున్న చర్చీ, బిషప్పులు లేని చర్చీలూ అలా ఒకటైనది ప్రపంచంలో అదే మొదటిసారి అంటారు. ఆ నెలల్లోనే ఉత్తర దేశంలో విభజన పేరుతో జనం ఒకరినొకరు చంపుకుంటున్నారు. అదే సమయంలో దక్షిణాన ఈ కలయిక జరిగింది. ఇవాళ మెదకు పెద్ద చర్చీ, డోర్నకల్ చర్చీ ఒకే సంఘంలో ఉన్నాయి.

అందరూ ఒకేసారి రాలేదు. అజరయ్య గారి సొంత మండలంలోనే నంద్యాల వైపు చాలామంది ఆంగ్లికన్లు 1947లో కలవడానికి ఇష్టపడలేదు. వాళ్ళు విడిగానే ఉండి, 1975లో వచ్చి కలిశారు. 28 ఏళ్ళు! వాళ్ళ చోటు వాళ్ళకు ఉంచారు కాబట్టే రాగలిగారు. బాప్టిస్టులు, లూథరన్లు ఇప్పటికీ వేరుగానే ఉన్నారు. కలిసిపోవడం అనేది ఒక్క రోజు పండుగ కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

నేను నేర్చుకున్నది

అజరయ్య గారి జీవితంలో నాకు మూడు సంగతులు కనిపించాయి. మొదటిది, బాధ కలిగితే వాళ్ళ మొహం మీదే, మర్యాదగా చెప్పాలి. చాటున చెప్పుకుంటే అది చీడ అవుతుంది. రెండోది, చెప్పిన తర్వాత లేచి వెళ్ళిపోకూడదు. అక్కడే ఉండి పని చేయాలి. మూడోది, మనకు జరిగిన అన్యాయాన్ని మనం ఇంకొకరికి చేయకూడదు. మూడోదే అన్నిటికన్నా కష్టం.

మనల్ని బస్సుల్లో, సంతల్లో, ఆఫీసుల్లో ఎలా చూస్తారో మనకు తెలుసు. అక్కడ గూడెం వాడికీ, తండా వాడికీ తేడా చూపించరు. ఇద్దర్నీ ఒకే మాట అంటారు. ఆ మాట విని ఏడ్చినవాణ్ణే నేను. అలాంటి నేను, ఓడిపోయానన్న ఉక్రోషంతో, నాతో మూడేళ్ళు ఒకే ట్రంకు పెట్టె వాడుకున్న స్నేహితుణ్ణి తండా పేరు పెట్టి తిట్టాను. ఆటలో అతని తప్పు కూడా ఉంది, అది వేరే సంగతి. ఆ తిట్టు మాత్రం నాది. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. అతనికి తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం గుడ్డు వేసే రోజు నేను నా కంచం పట్టుకుని తలుపు వైపు బంతిలో అతని పక్కన కూర్చుంటాను. జరగమంటే జరుగుతాను, లేవమంటే మాత్రం లేవను. మాట్లాడకపోతే పక్క ఆదివారం మళ్ళీ వస్తాను. తరంగంబాడి నుంచి మద్రాసుకు 28 ఏళ్ళు పట్టింది. కిటికీ దగ్గర నుంచి తలుపు దగ్గరికి పదిహేను అడుగులే కదా.

నాతోపాటు లేచి వచ్చే వాళ్ళు రండి. వార్డెన్ సారు గారికి ఒక మనవి. ఆ రోజు వడ్డన మధ్యలోంచి మొదలుపెట్టించండి సార్. అప్పుడు ఏది మొదటి బంతో, ఏది చివరి బంతో ఎవరికీ తెలియదు.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
పదవ తరగతి విద్యార్థి